సెలవు రోజు ఇంట్లో అందరికీ సెలవు కావాలంటే: పుస్తకాలు, సినిమాలతో ఒక బద్ధకపు రోజు గడపడం ఎలా

"రోజంతా ఇంట్లోనే ఉన్నాం, ఏమీ చెయ్యలేదు, అయినా సాయంత్రానికి ఒళ్ళంతా అలసట. ఎందుకంటారు?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. "సినిమా ఎంచుకోవడంలోనే గంట పోతోంది", "పుస్తకం తెరిస్తే రెండో పేజీకే చెయ్యి ఫోన్ మీదికి పోతోంది", "ఖాళీగా కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపిస్తోంది" అనేవాళ్ళూ ఉన్నారు. విడివిడిగా జవాబులు చెప్పే బదులు, మా ఇంట్లో చాలా సెలవులు పాడుచేసుకున్నాక కుదిరిన పద్ధతిని వరసగా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. నలుగురు పడుకోవడానికి ఒకరు నిలబడి ఉంటే అది ఇంటి సెలవు కాదు, ఆ ఒక్కరికి అదనపు డ్యూటీ. కింద చెప్పిన ప్రతి మెట్టూ ఆ డ్యూటీని తీసెయ్యడానికే. అందుకే ఇది సెలవు రోజు పొద్దున కాదు, ముందు రోజు సాయంత్రం మొదలవుతుంది.

కావలసినవి

- ముందు రోజు సాయంత్రం ఒక గంట, ఇంట్లో అందరిదీ
- ఒక కాగితం, ఒక పెన్ను
- చదవగలిగిన ప్రతి ఒక్కరికీ ఒక పుస్తకం, అది నచ్చకపోతే తీసుకోవడానికి ఇంకొకటి
- ఒక సినిమా, అది కుదరకపోతే చూడటానికి మరొకటి
- ఫోన్లు పెట్టడానికి ఒక డబ్బా లేదా సొరుగు
- ఇంట్లో ఉన్న దిండ్లు, దుప్పట్లు అన్నీ

పెద్ద టీవీ, కొత్త సోఫా, వందల పుస్తకాల అలమర అక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, గోడకు ఆనించిన రెండు దిండ్లు ఉన్నా రోజు బాగానే నడుస్తుంది.

1. ముందు రోజు సాయంత్రం బుర్రలో ఉన్న పనులన్నీ కాగితం మీద పెట్టండి

కాగితాన్ని మధ్యలో గీత గీసి రెండు భాగాలు చెయ్యండి. ఎడమవైపు "రేపు తప్పనిసరి" అని రాయండి: మందులు, గడువు రేపటితో అయిపోయే బిల్లు, పెంపుడు జంతువు ఉంటే దాని తిండి. కుడివైపు "ఆగితే ఏమీ కాదు" అని రాయండి. ఇందులోకి మిగతావన్నీ వస్తాయి. కారుతున్న కుళాయి, సర్దాల్సిన అర, రాయాల్సిన మెయిల్, చెయ్యాల్సిన ఫోన్.

ఎడమవైపు మూడుకు మించి ఉంటే మళ్ళీ చూడండి. వాటిలో ఒకటో రెండో ఇవాళే, ఈ గంటలోనే అయిపోయేవి అయి ఉంటాయి.

రాయడం ఎందుకంటే, రాయని పని బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగంలో, పడుకునే ముందు 5 నిమిషాలు కూర్చుని చెయ్యాల్సిన పనులు రాసుకున్నవాళ్ళు, అయిపోయిన పనుల గురించి రాసినవాళ్ళకంటే సగటున సుమారు 9 నిమిషాలు ముందే నిద్రలోకి జారుకున్నారు. ఇంతకు మించి సిద్ధాంతం మనకు అక్కర్లేదు.

జాగ్రత్త: కుడివైపు జాబితా సెలవు రోజు కళ్ళబడకూడదు. మడిచి సొరుగులో పెట్టెయ్యండి. ఫ్రిజ్ మీద అంటిస్తే అటు వెళ్ళిన ప్రతిసారీ ఒక పని మిమ్మల్ని పిలుస్తుంది.

2. వంట, గిన్నెలు, ఊడ్చడం: ఎవరు, ఎప్పుడు అన్నది ముందే తేల్చండి

అన్ని మెట్లలోకీ ఇదే ముఖ్యం. చాలామంది దీన్ని దాటేసి నేరుగా సినిమా దగ్గరికి పోతారు.

ఒకసారి మా ఇంట్లో అందరం కలిసి ఎప్పుడో చూసిన ఒక సినిమా గురించి మాట్లాడుకుంటున్నాం. మధ్యలో అమ్మ, "ఇంతకీ చివరికి ఆ పిల్ల ఇంటికి వెళ్ళిందా?" అని అడిగింది. మేమంతా ఆ సినిమా ఆమెతో కలిసే చూశామనుకుంటున్నాం. ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఆమె వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ అక్కడక్కడా చూసింది. చివరి అరగంట స్టవ్ దగ్గరే ఉంది. ఆ సినిమా మేము రెండుసార్లు చూశాం. ఆమె ఒక్కసారి కూడా పూర్తిగా చూడలేదు. అప్పటి నుంచి ఈ మెట్టు దాటకుండా మా ఇంట్లో ఏ సెలవూ మొదలవ్వదు.

ఇలా చెయ్యండి:

- ఒక పూట భోజనం ముందు రోజే అందరూ కలిసి వండి పెట్టుకోండి. వేడిచేసుకుంటే చాలు.
- ఒక పూట స్టవ్ వెలిగించే పనే లేకుండా చూసుకోండి.
- మిగిలిన పూట, రోజూ వండనివాళ్ళు వండాలి. ఏం వండుతారో ముందు రోజే చెప్పాలి, సామాన్లు ముందు రోజే తీసి బల్ల మీద పెట్టుకోవాలి.
- ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలి, తిన్న వెంటనే. పెద్ద గిన్నెలు మాత్రం ఒకరు, రోజుకు ఒక్కసారి.
- ఊడ్చడం, తుడవడం ముందు రోజు సాయంత్రమే. సెలవు రోజు ఎక్కడి వస్తువులు అక్కడే ఉండనివ్వండి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. "నువ్వు కూర్చో, ఇవాళ నేను చేస్తాను" అంటారు. ఐదు నిమిషాలకోసారి "ఆ డబ్బా ఎక్కడుంది? ఇది ఎంత వెయ్యాలి? మంట ఇంత చాలా?" అని కేకలు వేస్తారు. కూర్చున్న మనిషి చేతిలో పుస్తకం ఉంటుంది గాని మనసు వంటింట్లోనే ఉంటుంది. అడగాల్సినవన్నీ ముందు రోజే అడిగేసుకోండి. ఆ తర్వాత కూర కొంచెం మాడినా పరవాలేదు, కూర్చున్నవాళ్ళని లేపకండి.

ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్నవాళ్ళు, మంచం మీద ఉన్న పెద్దవాళ్ళని చూసుకుంటున్నవాళ్ళు ఇవన్నీ పంచుకోలేరు. అలాంటప్పుడు రోజంతా ఖాళీ కోసం చూడకండి. ఎవరైనా దగ్గరివాళ్ళు వచ్చి రెండు గంటలు కూర్చునేలా మాట్లాడుకుని, ఆ రెండు గంటలనే సెలవుగా పెట్టుకోండి. ఆ రెండు గంటల్లో మాత్రం పనికి చెయ్యి పెట్టకండి.

3. సినిమా ముందు రోజే ఎంచుకోండి

సెలవు రోజు రిమోట్ పట్టుకుని వెతకడం మొదలుపెడితే పేర్లు చూడటంతోనే ఓపిక అయిపోతుంది. చివరికి ఎవరికీ ఇష్టం లేనిదేదో పెట్టుకుంటారు.

మాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఇది. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతకంటే ఒకటి ఎక్కువ పేర్లు రాయండి. నలుగురికి ఐదు సినిమాలు. తర్వాత ఒక్కొక్కరూ వరసగా ఒక్కో పేరు కొట్టెయ్యాలి. చివరికి ఒకటే మిగులుతుంది. అది అందరికీ అన్నిటికంటే ఇష్టమైనది కాకపోవచ్చు, కాని ఎవరూ అసలు వద్దనుకున్నది మాత్రం కాదు.

ఇందులో ఒక కిటుకు ఉంది. ఆఖర్న కొట్టేసేవాళ్ళ ముందు రెండు పేర్లే మిగిలి ఉంటాయి కాబట్టి నిజానికి ఎంచుకునేది వాళ్ళే. అందుకని, ఇంట్లో ఎప్పుడూ ఎవరి మాట నెగ్గదో వాళ్ళకి ఆఖరి వంతు ఇవ్వండి. వచ్చే సెలవుకి వంతు మార్చండి.

మిగిలిన సినిమా విషయంలో నాలుగు చూసుకోండి:

- నిడివి ఎంత? రెండున్నర గంటలు దాటితే మధ్యలో విరామం ఎక్కడో ముందే అనుకోండి.
- పిల్లలు ఉంటే, ఏ వయసువాళ్ళు చూడొచ్చని ఆ సినిమాకి సర్టిఫికెట్ ఇచ్చారు? పోస్టర్ చూసి పిల్లల సినిమా అనుకోవద్దు.
- అందరికీ అర్థమయ్యే భాషలో మాట గాని, సబ్‌టైటిల్స్ గాని ఉన్నాయా?
- నెట్ మీద ఆధారపడుతుంటే డౌన్‌లోడ్ చేసుకునే వీలుందా? హెచ్‌డీలో గంటకు సుమారు 3 జీబీ వరకు డేటా అవుతుంది. రాత్రే దించి పెట్టుకుంటే మధ్యలో ఆగిపోతుందన్న టెన్షన్ ఉండదు.

డౌన్‌లోడ్ అయ్యాక ఏ పరికరంలో చూస్తారో అందులోనే రెండు నిమిషాలు పెట్టి చూడండి. బొమ్మ వస్తోంది, మాట వినిపిస్తోంది, సబ్‌టైటిల్ కనిపిస్తోంది అన్నది అప్పుడే తేలిపోవాలి. ఇది చెయ్యక, తీరా అందరూ కూర్చున్నాక కేబుల్ కోసం వెతుక్కున్న రోజులు మాకు చాలా ఉన్నాయి.

4. అలారం తీసెయ్యండి, కాని మధ్యాహ్నం దాకా పడుకోకండి

రోజూ లేచే వేళకంటే గంట ఆలస్యం చాలు. అంతకు మించితే రాత్రి నిద్ర పట్టదు, మర్నాడు పొద్దున పనికి వెళ్ళేటప్పుడు ఆ బరువంతా మీద పడుతుంది. "రేపు సెలవే కదా" అని ముందు రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని ఉండటం కూడా అంతే చేటు.

5. ఫోన్లకి చోటు చూపించండి

సైలెంట్‌లో పెట్టి పక్కన పెట్టుకుంటే చాలదు. కంటికి కనిపించినంతసేపూ చెయ్యి అటే పోతుంది. ఇంకో గదిలో, సొరుగులో పెట్టండి.

"అత్యవసరం వస్తే ఎలా?" అని అడుగుతారు. ఫోన్లో డు నాట్ డిస్టర్బ్ సెట్టింగ్‌లోకి వెళ్ళి దగ్గరివాళ్ళ నంబర్లకు మినహాయింపు ఇవ్వండి. ఒకే నంబరు నుంచి వెంటవెంటనే రెండోసారి కాల్ వస్తే మోగేలా పెట్టుకునే వీలు కూడా చాలా ఫోన్లలో ఉంది. సెలవులోనూ ఆఫీసు నుంచి పిలుపు రావచ్చు అనే ఉద్యోగమైతే, రింగ్ గట్టిగా పెట్టి హాల్లో ఒక బల్ల మీద ఉంచండి. మోగితే లేవండి. మోగిందేమో అని లేవకండి.

పుస్తకం ఫోన్లోనే చదివేవాళ్ళు దాన్ని ముందే దించుకుని ఏరోప్లేన్ మోడ్ పెట్టుకోండి.

6. పొద్దుటి పూట పుస్తకానికి ఇవ్వండి

సినిమా ముందు, పుస్తకం తర్వాత అనుకుంటే పుస్తకం ఇక తెరవరు. సినిమా చూశాక కళ్ళు, మనసు రెండూ అలసిపోయి ఉంటాయి. తెల్లారిన వెలుగు ఉన్నప్పుడే పుస్తకం పట్టండి.

కూర్చోవడం: వెలుగు మీ భుజం వెనక నుంచి పేజీ మీద పడాలి, కళ్ళలో పడకూడదు. పడుకుని చదివేటప్పుడు పుస్తకాన్ని గాల్లో ఎత్తి పట్టుకుంటే పది నిమిషాల్లో చేతులు లాగుతాయి. పక్కకు తిరిగి దిండుకు ఆనించండి, లేదా మోకాళ్ళు మడిచి వాటి మీద పెట్టుకోండి. ప్రతి 20 నిమిషాలకోసారి తలెత్తి, కనీసం 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. కిటికీ దగ్గర కూర్చుంటే ఇది దానంతటదే జరుగుతుంది.

పుస్తకం ఎంపిక: చదవాలని ఏళ్ళుగా వాయిదా వేస్తున్న లావుపాటి పుస్తకాన్ని ఈ రోజు తియ్యకండి. అది పరీక్షలా ఉంటుంది. కథల సంపుటి, ప్రయాణాల పుస్తకం, ఒకసారి చదివి ఇష్టపడ్డ నవల, ఇలాంటివి తీసుకోండి. మళ్ళీ చదవడం కూడా చదవడమే. ముప్పై పేజీలు చదివినా పట్టుకోకపోతే మూసెయ్యండి. రెండో పుస్తకం పక్కన పెట్టుకోమన్నది అందుకే.

అందరూ ఒకే గదిలో చదవండి. మాట్లాడుకోకపోయినా పరవాలేదు. ఒకరు పేజీ తిప్పిన చప్పుడు ఇంకొకరిని కూర్చోబెడుతుంది. ఎవరైనా ఉన్నట్టుండి నవ్వితే "ఏంటి, ఏంటి?" అని అందరూ తలలెత్తుతారు. అప్పుడు ఆ ఒక్క పేరా పైకి చదివి వినిపించండి. మా ఇంట్లో అసలు పుస్తకం ముట్టనివాళ్ళు చదవడం మొదలుపెట్టింది అలా విన్న ఒక్క పేరాతోనే.

చదివే అలవాటు లేనివాళ్ళకి, చూపు తగ్గిన పెద్దవాళ్ళకి, అక్షరాలు రాని పిల్లలకి ఒకరు పైకి చదవాలి. పావుగంట చాలు. నెమ్మదిగా చదవండి. మీకు నెమ్మది అనిపించిన వేగం వినేవాళ్ళకి సరిగ్గా ఉంటుంది. నాటకంలా గొంతులు మార్చక్కర్లేదు, వాక్యం చివర ఆగితే చాలు. మధ్యలో "అర్థమైందా? ఇప్పుడేం జరిగిందో చెప్పు?" అని పిల్లల్ని అడగకండి, కథ కాస్తా పాఠమైపోతుంది. పిల్లలు చదివిందే మళ్ళీ చదవమంటే మళ్ళీ చదవండి. ఏం జరగబోతోందో ముందే తెలిసి, అది జరిగే క్షణం కోసం ఎదురుచూసే ఆ మొహం చూడటానికైనా చదవాలి.

7. మధ్యాహ్నం కునుకు

20 నిమిషాలు, అదీ మధ్యాహ్నం మూడు దాటకముందే. రోజంతటికీ పెట్టుకోవాల్సిన అలారం ఇదొక్కటే. గంట పడుకుంటే లేచాక తల దిమ్ముగా ఉండి సినిమా చూసే హుషారు పోతుంది. నిద్ర పట్టకపోయినా కళ్ళు మూసుకుని పడుకోండి, అదీ విశ్రాంతే.

8. సినిమా

పడుకునే వేళకు గంట ముందే అయిపోయేలా లెక్క వేసుకుని మొదలుపెట్టండి. సాయంత్రం నాలుగు, ఐదు మధ్య మొదలైతే హడావిడి ఉండదు. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టిన సినిమాలో సగం మంది నిద్రపోతారు.

టీవీలో ముందుగా మార్చాల్సినవి రెండు. మొదటిది, బొమ్మను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెడుతుంది, పిక్చర్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. సినిమాలు సాధారణంగా సెకనుకు 24 ఫ్రేముల్లో తీస్తారు. టీవీ మధ్యలో తనే కొత్త ఫ్రేములు పుట్టించి కలిపితే సినిమా కాస్తా సీరియల్‌లా కనిపిస్తుంది. దాన్ని ఆపెయ్యండి. కొత్త టీవీ అయితే ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉందేమో చూడండి. 2019లో ప్రకటించిన ఈ మోడ్ పెడితే ఇలాంటివన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

రెండోది శబ్దం. మాటలు వినపడవు, ఫైటింగ్ వస్తే ఇల్లు అదురుతుంది, ఎవరో ఒకరు రిమోట్ పట్టుకుని పెంచుతూ తగ్గిస్తూ కూర్చుంటారు. ఆడియో సెట్టింగ్స్‌లో మాటల్ని పెంచేదో, పెద్ద శబ్దాల్ని తగ్గించే నైట్ మోడో ఉంటే పెట్టండి. అది లేకపోతే సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. వినికిడి తగ్గిన పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో, అడగక ముందే పెట్టండి. చాలామంది మొహమాటంతో అడగరు, అందరూ నవ్వినప్పుడు తామూ నవ్వి ఊరుకుంటారు.

గది చిమ్మచీకటి చెయ్యొద్దు. టీవీ వెనకవైపు చిన్న దీపం ఒకటి వెలగనిస్తే కళ్ళకు హాయిగా ఉంటుంది. 55 అంగుళాల టీవీకి సుమారు 2.2 మీటర్ల దూరం సరిపోతుంది. ల్యాప్‌టాప్‌లో చూస్తుంటే దాన్ని బల్ల మీద కంటి ఎత్తుకు పెట్టి దగ్గరగా చేరండి.

ఒకరు లేచిన ప్రతిసారీ సినిమా ఆపితే మూడు గంటలైనా అవ్వదు. గంటకోసారి పది నిమిషాల విరామం అని ముందే చెప్పెయ్యండి. అరగంట గడిచినా సగం మందికి నచ్చకపోతే, మొహమాటపడకుండా రెండో సినిమాకి మారిపోండి.

పసిపిల్లలున్న ఇల్లయితే వేరే దారి చూడాలి. రెండేళ్ళలోపు పిల్లలకు స్క్రీన్ వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంటకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వాళ్ళు మెలకువగా ఉన్నంతసేపూ పుస్తకాలు, బొమ్మలు, దుప్పట్లతో కట్టిన గుడారం. పెద్దవాళ్ళ సినిమా వాళ్ళు పడుకున్నాకే, అవసరమైతే రెండు రోజులకు రెండు ముక్కలుగా.

అయిపోగానే లైట్లు వేసి ఎవరి దారిన వాళ్ళు పోకండి. పది నిమిషాలు అలాగే కూర్చుని, "ఏ సీను గుర్తుండిపోయింది?" అని ఒక్కొక్కరినీ అడగండి. "బాగుందా?" అని అడిగితే "బాగుంది" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

"ఎలాగూ ఇంట్లోనే ఉన్నాం కదా, ఆ ఒక్క అర సర్దేద్దాం." ఒక అర మొదలైతే ఇల్లంతా బయటికొస్తుంది. ఆ రోజుకి దాని జోలికి పోకండి.

ఒకే రోజులో మూడు సినిమాలు పెట్టుకోవడం ఇంకో పొరపాటు. రెండోదాని మధ్యలోనే మొదటిది మర్చిపోతారు. పెద్ద పిల్లల్ని బలవంతంగా కూర్చోబెట్టడం కూడా వద్దు. పన్నెండేళ్ళ పిల్లాడు తన గదిలో ఒక్కడే పాటలు వింటానంటే విననివ్వండి, భోజనానికీ సినిమాకీ వస్తే చాలు. ఇక చుట్టాలు, స్నేహితులు వస్తామంటే, "ఇవాళ మేం ఖాళీగా ఉన్నాం" అనకండి. "ఇవాళ మాకు పని ఉంది, ఆదివారం రండి" అనండి. ఇంటివాళ్ళతో కూర్చోవడం కూడా పనే, అది అబద్ధం కాదు.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

రాత్రి పడుకునే ముందు ఒక్కటి లెక్కపెట్టండి: ఇవాళ ఒక్కొక్కరూ ఇంకొకరి కోసం ఎన్నిసార్లు కూర్చున్నచోటు నుంచి లేచారు? అందరి అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటే రోజు బాగా నడిచినట్టే. ఒకరిది ఇరవై, మిగతావాళ్ళది రెండు మూడు అయితే, ఆ ఇరవై సార్లూ దేనికి లేచారో వాళ్ళనే అడిగి రాసుకోండి. నీళ్ళకా, తలుపుకా, ఛార్జర్‌కా? వచ్చేసారి ఆ వస్తువులు ముందే గది మధ్యలో ఉండాలి.

మిగతా గుర్తులు తేలిక. పుస్తకంలో గుర్తు పెట్టిన చోటు పొద్దుటికంటే ముందుకు జరిగి ఉండాలి. సినిమా చివర ఏం జరిగిందో ఇంట్లో ప్రతి ఒక్కరూ చెప్పగలగాలి. ముఖ్యంగా రోజూ వండే మనిషి.

సాయంత్రానికి ఇంకా అలసటగా ఉంటే ఫోన్ సంగతి చూడండి, సొరుగు ఎన్నిసార్లు తెరిచారో. చిరాకుగా ఉంటే నిద్ర వేళలు చూడండి. ఏదో వృథా చేశామన్న బాధ ఉంటే మొదటి మెట్టు సరిగ్గా చెయ్యలేదన్నమాట, రాయని పని ఏదో బుర్రలో మిగిలిపోయింది. వచ్చే సెలవుకి ఒక్కటే మార్చండి, అన్నీ ఒకేసారి మార్చకండి.

సినిమా పేర్లు రాసిన కాగితం మాత్రం పారెయ్యకండి. ఈసారి కొట్టేసిన పేర్లలో ఎవరో ఒకరు మనసుపడ్డవి ఉంటాయి. వచ్చేసారి జాబితా అక్కడి నుంచే మొదలవుతుంది.